మంగళవారం చూసిన పడవ

నేరం చేసి చేయలేదనేవాళ్ళని మాస్టారు తన డిటెక్టివ్ వృత్తిలో కొల్లలుగా చూశారు. వాళ్ళ నోరు ఎలా తెరిపించాలో ఆయనకి బాగా తెలుసు. చేశాడో లేదో తనకే తెలియకుండా చేశానని మొండికేసేవాడు తగలడం మాత్రం ఆ శనివారం సాయంత్రమే మొదటిసారి.

ఆ మనిషికి ముప్ఫై ఏళ్ళుంటాయి. బల్ల ముందు కూర్చుని, చేతిలో పళ్ల సెట్టు పట్టుకుని సన్నటి ఆకురాయితో రుద్దుతున్నాడు. అది పళ్ల డాక్టరు గారి క్లినిక్కు వెనక గది. మేడ మీద వాళ్ళ కాపురం. పోయిన డాక్టరు ఇతనికి అక్క మొగుడు. బావ కొలతలు తీసి ఇస్తే బావమరిది సెట్లు తయారుచేసేవాడు. బావ పోయి రెండు వారాలైంది. క్లినిక్కుకి తాళం పడింది గానీ, కొలతలిచ్చిన పెద్దాయన ఎవరో బోసినోటితో ఎదురుచూస్తున్నాడని ఇతను పని ఆపలేదు. అలాంటి మనిషి మతిమరుపుతో బావని చంపుకున్నాడంటే మాస్టారికి ఎక్కడో గుచ్చుకుంటోంది.

"ప్లగ్గు పెట్టడం మరిచిపోయాను సార్. ఇంక మీరు కనుక్కోవలసిందేమీ లేదు," అన్నాడు బావమరిది తల ఎత్తకుండానే.

సరదా మోటారు పడవలు వారమంతా చక్రాల బండి మీద, ఇంటి పక్కన పడి ఉంటాయి. లోపల చేరిన నీరు కారిపోవడానికి పడవ వెనక అడుగున ఒక కన్నం, దానికి మర ఉన్న ఇత్తడి బిరడా ఉంటాయి. ఒడ్డుకొచ్చాక బిరడా తీస్తారు, మళ్ళీ నీళ్ళలోకి దింపేముందు బిగిస్తారు. దాన్నే వాళ్ళు ప్లగ్గంటారు. రోజూ పడవ నడిపేవాళ్ళు దాన్ని మరిచిపోరు. ఆదివారం నావికులే మరిచిపోతారు. నీళ్ళలో దిగాక కాళ్ళు తడిస్తే నాలిక కరుచుకుంటారు.

"మరిచిపోయినట్టు గుర్తుందా?" అడిగారు మాస్టారు.

"మరిచిపోయింది గుర్తెలా ఉంటుంది సార్?"

"పోనీ, బిగించినట్టు గుర్తుందా?"

ఆకురాయి ఆగింది. "అది ప్రతివారం నా పనే. బావ ఇంజను చూసుకుంటాడు, నేను ప్లగ్గు బిగిస్తాను. కళ్ళు మూసుకుంటే బిగిస్తున్నట్టే కనిపిస్తుంది. అది ఆ ఆదివారమో, ముందు ఆదివారమో తెలియడం లేదు. మీరు ఇవాళ ఇంటికి తాళం వేసి వచ్చారా?"

"వచ్చాను."

"వేసినట్టు గుర్తుందా?"

మాస్టారు గుర్తు తెచ్చుకోబోయి, అనవసరంగా కంగారు పుట్టేలా ఉందని మానుకున్నారు. "మరి మరిచిపోయావని ఎవరు చెప్పారు?"

"ఇన్‌స్పెక్టరు గారు కన్నం చూపించారు. ఖాళీగా ఉంది. నా పని అది. చేసుంటే ఖాళీగా ఎందుకుంటుంది?"

"మునిగేముందు ఏం జరిగింది?"

"రిజర్వాయరు మధ్యలో ఇంజను ఆపాం. తిందామని బావ ముందు సీట్లోంచి లేచి వెనక్కి, నా పక్కకి వచ్చి కూర్చున్నాడు. డబ్బా మూత తీస్తున్నాం. కాళ్ళు తడిసినట్టనిపించింది. నేను చెప్పేలోగా చీలమండల దాకా వచ్చాయి. బావ ఇంజను తిప్పడానికి లేచాడు. పడవ వెనక్కి వెనక్కి కూరుకుపోయి, తిరగబడింది. నన్ను ఎవరో లాగారు. బావ కాలికి లంగరు తాడు..." అతను పళ్ల సెట్టుని బల్ల మీద మెల్లగా పెట్టాడు. "నాలుగు పళ్ళు సరిగ్గా కూర్చోకపోతే పదిసార్లు సరిచూసుకుంటాను సార్. ఒక్క మర తిప్పడం మరిచిపోయాను."

"ఆ టైములో పక్కనుంచి పడవలేమైనా పోయాయా?"

"ఆదివారం కదండీ. అన్ని వైపుల నుంచీ పోతూనే ఉంటాయి."

మాస్టారు బయటికొచ్చేసరికి డాక్టరు గారి భార్య మెట్ల దగ్గర నిలబడి ఉంది. మాస్టారికి కబురు పెట్టింది ఆమే. తమ్ముడున్న గది వైపు చూడకుండా, గోడతో మాట్లాడుతున్నట్టు మాట్లాడింది.

"వారం పైనుంచీ వాడితో మాటల్లేవండీ. అన్నం పెట్టి పక్కకొచ్చేస్తున్నాను. అమ్మ పోయాక వాణ్ణి నేనే పెంచాను. వాడి ముఖం చూస్తే ఆయన గుర్తొస్తున్నారు. ఆయన ఫొటో చూస్తే వీడు గుర్తొస్తున్నాడు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "వాడు మరిచిపోయాడని మీరు తేలిస్తే క్షమించడం నేర్చుకుంటాను. ఎన్నాళ్ళు పట్టినా సరే. కానీ మరిచిపోలేదనుకోండి, ఇన్నాళ్ళూ నేను వాడికి చేసిందేమిటి? అదొక్కటి తేల్చండి. సోమవారం కోర్టులో కాగితాలు పెడతారట."

మాస్టారు సరేనన్నారు. వాకిలి దాటుతుంటే వెనక ఆకురాయి చప్పుడు మళ్ళీ మొదలైంది.

*

మాస్టారు డిటెక్టివ్ కాకముందు కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. ఆ ఉద్యోగం మానేసినా పేరు వదల్లేదు. ఆ రోజుల్లో ఆయన చేత చీవాట్లు తిన్న శిష్యుల్లో ఒకడు ఇప్పుడు ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు. ఆదివారం పొద్దున్న పోలీసు షెడ్డు తాళం తీయిస్తూ అతను పెట్టిన ముఖం చూస్తే, పరీక్ష హాల్లోకి సూపర్వైజరు అడుగు పెట్టినట్టుంది.

"ఆదివారం కూడా వదలరా మాస్టారూ? ఒప్పుకున్నవాణ్ణి పట్టుకుని కాదు కాదని మీరు బతిమాలడమేమిటి? నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు."

"నేనూ చూడలేదు. అందుకే వచ్చాను. ఆ టార్పాలిన్ తీయించు."

కాపలా కానిస్టేబులు టార్పాలిన్ లాగాడు. తెల్లటి చిన్న పడవ. ముందు రెండు సీట్లు, వెనక అడ్డంగా ఒక బల్ల. పక్కన ఎర్రటి చార. చూడముచ్చటగానే ఉంది. చవకలో దొరుకుతుంది, కారు వెనక తగిలించుకుపోవచ్చు, ఆదివారం సంసారులకి ఇంతకంటే ఏం కావాలని జనం ఎగబడి కొన్న రకం. దాన్ని ఎక్కించిన బండికి ముందు చక్రం విరిగినట్టుంది, ముక్కు కింద ఇటుకలు పేర్చారు. పడవ తల పైకెత్తి, వెనక్కి వాలి ఉంది.

మాస్టారు వంగి అడుగున కన్నం చూశారు. ఖాళీయే. మర అరగలేదు, చిట్లలేదు. తర్వాత ఆయన నేల మీద గొంతుక్కూర్చుని ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయారు.

"మోకాళ్ళు పట్టేశాయా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఈ నేల చూడు."

సిమెంటు నేల మీద, సరిగ్గా కన్నం కింద మొదలై, విసనకర్ర పరిచినట్టు సన్నటి ఒండ్రు ఎండి అతుక్కుని ఉంది.

"బురద. నీళ్ళలోంచి తీసిన పడవకి బురద కాక గంధం ఉంటుందా?"

"లోపలికి ఎక్కు."

"నేనా?"

"నాకు మోకాళ్ళు పట్టేశాయి కదా."

ఇన్‌స్పెక్టరు బూట్లు విప్పి, గొణుక్కుంటూ ఎక్కాడు. మాస్టారు స్టూలు వేసుకుని బయటి నుంచి లోపలికి తొంగిచూశారు. లోపలి గోడల మీద రెండు వైపులా బురద గీత ఒకటి ఉంది. వెనక గోడ పైఅంచు దగ్గర మొదలైంది. ముందుకి పోయేకొద్దీ కిందకి దిగుతూ, ముందు సీట్ల కాళ్ళ దగ్గర నేలలో కలిసిపోయింది.

"ఏటవాలుగా ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మునిగినప్పుడు వెనక్కి ఒరిగింది కదా, అప్పటిది."

మాస్టారు సంచిలోంచి సగం తాగిన నీళ్ళ సీసా తీసి, అడ్డంగా పడుకోబెట్టి, ఆ గీత పక్కన పట్టుకున్నారు. "సీసాలో నీటి మట్టం చూడు. గీత చూడు."

రెండూ ఒకదాని వెంట ఒకటి పోతున్నాయి. ఇన్‌స్పెక్టరు తల అటు వంచి, ఇటు వంచి చూశాడు. సీసా మాస్టారి చేతిలోంచి తను తీసుకుని, రెండో వైపు గోడకి పెట్టి చూశాడు. అక్కడా అంతే.

"పడవకి ఏటవాలు. నేలకి మాత్రం సమం," అన్నారు మాస్టారు. "ఈ ఇటుకల మీద, ఈ వాలులో, ఇదే షెడ్డులో పడవ నిండా నీళ్ళు నిలబడ్డాయి. నిలబడి, ఒండ్రు పేరుకుని గీత పడేదాకా ఉన్నాయి. కన్నం తెరిచి ఉంటే ఎలా నిలబడతాయి? క్రేను పైకెత్తినప్పుడే సగం దారిలో కారిపోవాలి. అంటే మీరు ఇక్కడికి తెచ్చేటప్పటికి ప్లగ్గు బిగించే ఉంది. తర్వాత ఎవరో తీశారు. ఆ నీళ్ళే ఈ నేల మీద పారాయి."

ఇన్‌స్పెక్టరు మొహం కందగడ్డయింది. "మీ సీసా సాక్ష్యం కోర్టులో నిలబడదు."

"నువ్వు కన్నం ఎప్పుడు చూశావు?"

"శుక్రవారం. ఫొటోగ్రాఫరు దొరికాక."

"పడవ తెచ్చింది మునిగిన మర్నాడు, సోమవారం. మధ్యలో ఎవరైనా చూశారా?"

"కాపలా ఉంది."

"నేనడిగింది అది కాదు."

ఇన్‌స్పెక్టరు పడవలోంచి దూకాడు. "మాస్టారూ, ఒక మాట చెప్పనా? ప్రాక్టికల్స్‌లో మీరు నాకు మార్కులు కోశారు. ఇప్పటికీ ఎందుకో తెలియదు. నా ఆన్సరు కరెక్టే."

"ఆన్సరు కరెక్టే. నువ్వు ముందు ఆన్సరు చూసుకుని, దానికి సరిపడా రీడింగులు వేసుకునేవాడివి." మాస్టారి గొంతులో వెక్కిరింత లేదు, బాధే ఉంది. "మంచి తెలివైనవాడివి. అప్పుడే గట్టిగా చెప్పి ఉండాల్సిందేమో. వాడు ఒప్పుకున్నాడు, కన్నం తెరిచి ఉంది, సరిపోయింది. ఇంక పడవలోకి తొంగిచూడలేదు నువ్వు."

ఇన్‌స్పెక్టరు ఆ కోపాన్ని కానిస్టేబులు మీదకి తిప్పాడు. "సోమవారం నుంచి శుక్రవారం దాకా షెడ్డులోకి ఎవడొచ్చాడు?"

"ఎవరూ రాలేదు సార్."

"ఒక్కరు కూడానా?"

"దేవుడి తోడు. కెప్టెన్ గారు తప్ప ఎవరూ రాలేదు."

కెప్టెన్ అంటే ఓడలు నడిపినవాడు కాదు. చవక మోటారు పడవలు నడిపి చూసి, ఇది ఆదివారం సరదాకి పనికొస్తుందా రాదా అని వీడియోల్లో తీర్పు చెప్పే మనిషి. తెల్ల టోపీ పెట్టుకుంటాడు కాబట్టి జనం కెప్టెన్ అన్నారు. ఆయన మంచిదంటే పడవ అమ్ముడుపోతుంది, పెదవి విరిస్తే షోరూములో దుమ్ము కొట్టుకుంటుంది. కానిస్టేబులు ఆయనతో ఫొటో దిగి, బయటి మనుషుల లెక్కలోంచి తీసేశాడు.

"బుధవారం వచ్చారండీ. చనిపోయినాయన తన వీడియో చూసే ఈ బోటు కొన్నాడట. ఒకసారి దండం పెట్టుకుంటానన్నారు. టార్పాలిన్ కింద దూరి చాలాసేపు ఏడ్చారు. పాపం ఎంత మెత్తటి మనసో సార్, బయటికొచ్చేసరికి ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసిపోయింది."

మాస్టారు ఇన్‌స్పెక్టరు వైపు చూశారు. ఇన్‌స్పెక్టరు కానిస్టేబులు వైపు చూశాడు.

"ఏడిస్తే చొక్కా తడుస్తుంది," అన్నారు మాస్టారు. "కన్నీళ్ళు మోకాళ్ళ దాకా కారవు."

"ఆయన ఎందుకు తీస్తాడు?" ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గింది గానీ పట్టు సడలలేదు. "ప్లగ్గు ఉంటే మరి నీళ్ళెలా వచ్చాయి? అది చెప్పండి ముందు. అది చెప్పేదాకా నా కాగితాలు నావే. రేపు కోర్టులో పెడతాను."

మాస్టారు పడవ వెనక గోడ దగ్గరికెళ్ళి, ఇంజను తగిలించే చోట అంచు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. పక్క గోడలు నడుము దాకా ఉన్నాయి. ఇంజను కోసం వెనక గోడని మాత్రం బాగా కిందకి కోసేశారు. ఆ కోత దాటి వచ్చిన నీటిని ఆపడానికి లోపల ఇంకో అడ్డుగోడ ఉండాలి. అది లేదు. అక్కడే బావా బావమరుదులు పక్కపక్కన కూర్చుని డబ్బా మూత తీశారు.

*

కెప్టెన్ ఇంట్లో ముందు గదే స్టూడియో. గోడకి నీలం రంగు, దాని మీద అట్టతో చేసిన ఓడ చుక్కాని, ఎదురుగా కాళ్ళ మీద నిలబెట్టిన కెమెరా. నీలం రంగు కెమెరాకి కనిపించినంత మేరే వేశారు, పక్కనంతా వెల్ల ఊడిపోయి ఉంది. తెల్ల టోపీ మేకుకి వేలాడుతోంది. అది లేకపోతే కెప్టెన్ బ్యాంకులో క్యూ కట్టిన మనిషిలా ఉన్నాడు. గడ్డం మాసింది. రెండు వారాలుగా కొత్త వీడియో పెట్టలేదు.

"ఒంట్లో బాగుండటం లేదండీ," అన్నాడు కుర్చీ చూపిస్తూ.

"బుధవారం నుంచేనా?"

"ఏ బుధవారం?"

"షెడ్డులో ప్యాంటు తడుపుకున్న బుధవారం."

కెప్టెన్ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. లోపల ఎక్కడో కుక్కరు కూత పెట్టింది.

"మీరు పోలీసా?"

"కాదు. డాక్టరు గారి భార్య పంపితే వచ్చాను. ఆవిడ తమ్ముడు రేపటి నుంచి ముద్దాయి. ప్లగ్గు మరిచి బావని చంపాడని. వాడికి ఆ మాట అబద్ధమని చెప్పేవాళ్ళు లేరు. మీరు తప్ప."

"నాకేం తెలుసు?"

"పడవలో నీళ్ళు షెడ్డులో నిలబడ్డ గీత ఉంది. కన్నం కింద పారిన మరక ఉంది. లోపలికెళ్ళింది మీరొక్కరే. తీసింది మీరని నాకు తెలుసు. ఎందుకు తీశారో చెబితే విని వెళ్తాను. చెప్పకపోతే ఇన్‌స్పెక్టరు వచ్చి ఇదే అడుగుతాడు, ఇంత నెమ్మదిగా కాదు."

కెప్టెన్ అట్ట చుక్కాని వైపు తిరిగాడు. ఆ తర్వాత అతను మాట్లాడిన గొంతు వీడియోల్లోది కాదు.

"మీరెప్పుడైనా నా వీడియోలు చూశారా?"

"ఈ పడవది ఇందాక వస్తూ చూశాను."

"ఏమన్నాను అందులో?"

"ఆదివారం సంసారులకి అచ్చంగా సరిపోయే పడవ అన్నారు. మొదటిసారి నడిపేవాళ్ళు కూడా గుండె మీద చెయ్యేసుకుని ఎక్కొచ్చన్నారు."

"అన్నాను. అబద్ధం చెప్పలేదండీ. ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. నడిపి చూశాను, తిప్పి చూశాను, వేగంగా పోయి టక్కున ఆపి చూశాను. చుక్క నీరు లోపలికి రాలేదు. ఎప్పుడు చూశానో తెలుసా?" అతను నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "మంగళవారం. నేనెప్పుడూ మంగళవారమే చూస్తాను. ఆ రోజు రిజర్వాయరు ఖాళీగా ఉంటుంది. అడ్డొచ్చే పడవలుండవు, వీడియో శుభ్రంగా వస్తుంది. నీళ్ళు కంచంలో పోసినట్టుంటాయి. పడవలో నేనొక్కణ్ణే. కెమెరా పట్టుకునేవాడు ఒడ్డున ఉంటాడు."

మాస్టారు కుర్చీ కాస్త ముందుకి జరుపుకున్నారు.

"ఆదివారం పడవని మంగళవారం చూశాను. ఇన్నేళ్ళుగా అదే చేస్తున్నాను, ఒక్కసారీ తట్టలేదు. ఆదివారం ఇంటిల్లిపాదీ ఎక్కుతారు. డబ్బాలు, సంచులు, పిల్లలు. ఇంజను ఆపి అందరూ వెనక బల్ల మీద చేరి తింటారు. పక్క నుంచి పది పడవలు పోతాయి. వాటి అలలు వెనక నుంచి కొడతాయి. ఆ కోసేసిన గోడ దాటి ఒక్క అల లోపలికి వస్తే చాలు. ఆ బరువుకి వెనక ఇంకాస్త దిగుతుంది, తర్వాతి అల సులువుగా వస్తుంది. మూడోది రావాల్సిన పనిలేదు."

"షెడ్డులో అదే చూశారా?"

"పడవ వెనక గోడ అంచు దాకా నీళ్ళున్నాయి. ప్లగ్గు బిగించే ఉంది. అంటే కిందనుంచి రాలేదు. అంచు మీదుగా వచ్చింది. చూడగానే తెలిసిపోయింది నాకు. ఆ మనిషి నా మాట విని ఎక్కాడు. అప్పుడు..." అతను తన కుడిచేతి వేళ్ళు చూసుకున్నాడు. "ఏటా ఎవరో ఒకరు ప్లగ్గు మరిచిపోతారండీ. ఆ లెక్కలో ఇంకొకటి అనుకున్నాను. పోయినాయన మీదే పడుతుందనుకున్నాను, పోయినవాడికి నొప్పి ఉండదనుకున్నాను. ప్లగ్గు బిగించడం ఇంకొకరి పని అని, ఆ ఒకరు బతికే ఉన్నాడని నాకు తెలియదు."

"తెలిశాక?"

"ఆ వారమే పేపర్లో చూశాను. శనివారం. అతను ఒప్పుకున్నాడని రాశారు. చెయ్యని తప్పు ఒప్పుకున్నాడు, చేసిన నేను ఒప్పుకోలేదు. రోజూ ఫోను తీయడం, పెట్టేయడం. ఒక్కరోజు ఆలస్యమైతే చెప్పొచ్చు. రెండ్రోజులైతే ఎందుకాగావంటారు. వారమయ్యాక ఇంక నోరు పెగల్లేదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు." అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి నిజంగా చొక్కా మీదే పడ్డాయి. "నేను చెడ్డవాణ్ణి కాదండీ. పడవలంటే ఇష్టం. జనం సరదాగా తిరగాలని చేశాను ఇదంతా."

మాస్టారికి ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవాలని ఉంది. రాలేదు. ఎదురుగా ఉన్నది దుర్మార్గుడైతే ఆయన పని తేలికయ్యేది. తెలియక ఒక తప్పు చేసి, తెలిశాక ఇంకొకటి చేసిన మామూలు మనిషి మీద జాలి, అసహ్యం రెండూ కలిగాయి.

"ఈ మాట ఇన్‌స్పెక్టరు దగ్గర చెబుతారా?"

"చెబుతాను. ఇప్పుడే రమ్మన్నా వస్తాను."

"మీ మాట విని ఇలాంటి పడవలు ఇంకా ఎంతమంది కొన్నారు?"

కెప్టెన్ తల దించుకున్నాడు. "చాలామంది. డాక్టరు గారు పోయాక కూడా కొంటున్నారు. ప్లగ్గు మరవబట్టి పోయాడు, పడవ తప్పేముందని." ఆ మాట అంటూనే ఆగిపోయాడు. కిటికీలోంచి వీధి వైపు చూశాడు. బయట కారు వెనక పడవ తగిలించుకుని ఎవరో రేవు వైపు పోతున్నారు, వెనక సీట్లోంచి పిల్లలు తలలు బయటపెట్టి గోల చేస్తున్నారు. "ఇవాళ ఆదివారం," అన్నాడు కెప్టెన్.

మాస్టారు అప్పటికే ఫోను తీశారు. ఇన్‌స్పెక్టరు ఎత్తగానే మూడు ముక్కల్లో చెప్పారు. సీసా సాక్ష్యం గురించి ఏదో ఒకటి అంటాడని మాస్టారు సిద్ధంగా ఉన్నారు. అతను అనలేదు.

"ఆ రకం బోట్లు నీళ్ళలో ఉంటే వెనక్కి పిలిపించాలి, అంతేనా?" అన్నాడు. "రేవుకి నేనే వెళ్తున్నాను. కెప్టెన్ని కదలనివ్వకండి. మాస్టారూ, మిగతావి తర్వాత తిడుదురుగాని."

రెండో ఫోను చేస్తున్నప్పుడు మాస్టారి మనసు కొంచెం తేలికపడింది. ఈ వృత్తిలో ఇలాంటి కబురు చెప్పే అవకాశం ఎప్పుడో గానీ రాదు.

"అమ్మా, తేలింది. మీ తమ్ముడు మరిచిపోలేదు. ప్లగ్గు బిగించాడు, గట్టిగానే బిగించాడు. పడవ మునిగినప్పుడు కూడా అది ఉన్నచోటే ఉంది. తప్పు పడవ వెనక గోడది. వెనక బరువు పెరిగితే అలలు లోపలికొస్తాయి. ప్లగ్గు తర్వాత షెడ్డులో తీశారు, తీసినవాళ్ళు ఒప్పుకున్నారు."

అటు నుంచి ఏడుపు వినబడింది. ఆపుకున్నా ఆగకుండా వచ్చే ఏడుపు. "వాడు బిగించాడా? మా తమ్ముడు బిగించాడా?" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అడిగింది. ఆయన ప్రతిసారీ అవునమ్మా అన్నారు.

"పిలవండమ్మా అతన్ని. మీ నోటితోనే చెప్పండి."

అప్పుడు ఆమె ఏడుపు ఆగింది.

"వాడు ఇంట్లో లేడండీ. రేవుకి వెళ్ళాడు."

"రేవుకెందుకు?"

"పోయిన ఆదివారం కూడా వెళ్ళాడు. పొద్దున్నే పోయి, దిగే ప్రతి పడవ దగ్గరా వంగి, ప్లగ్గు ఉందో లేదో తడిమి చూసి పంపిస్తున్నాడట. పనమ్మాయి చెప్పింది. ఇవాళ ఎవరో కొత్తగా కొన్నవాళ్ళు, పిల్లల్తో వెళ్తున్నారట, భయంగా ఉంది మీరూ రండని వాణ్ణి అడిగారట. మా పడవలాంటిదే. ఎర్ర చార."

మాస్టారు కుర్చీలోంచి లేచారు. "ఎక్కవద్దని ఎవరూ..."

"భయపడకక్కా, నేను వెనకే కూర్చుంటాను, తిరిగొచ్చేదాకా ప్లగ్గు మీద చెయ్యి తీయనన్నాడు. నా తలుపు బయట నిలబడి చెప్పాడండీ. చెప్పి చాలాసేపు నిలబడ్డాడు. నేను పలకలేదు."